జామచెట్టెక్కే కోళ్ళు

మొదటి కోడిని చూసింది నేనే. చంకలో ఎనిమిది నెలల పాప, చేతిలో చీపురు. పెరట్లో జామచెట్టు కింద మా నల్లపెట్ట ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉంది. ఎండలో రెక్క చాపుకుని పడుకోవడం దానికి అలవాటే కాబట్టి నేనేమీ అనుకోలేదు. నాలుగు అడుగులు వేశాక గుర్తొచ్చింది, ఇంకా ఎండ రానేలేదని. దగ్గరికెళ్ళి చూస్తే దానికి తల లేదు.

ఒళ్ళంతా ఉన్నది ఉన్నట్టే ఉంది. చుట్టూ నెత్తురు కూడా పెద్దగా లేదు. కుక్క అయితే ఈడ్చుకుపోతుంది, పిల్లి అయితే ఈకలు తప్ప మిగల్చదు. తల ఒక్కటీ తీసుకుని ఒళ్ళు వదిలేసి వెళ్ళేది ఏమిటో నాకు అంతుపట్టలేదు. పాప కోడి వైపు చెయ్యి చాపి ఊగుతోంది. దాని మొహాన్ని నా భుజానికి తిప్పుకుని, "అత్తమ్మా! ఒకసారి ఇలా రండి" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అప్పటికి మేము తాడేపల్లిగూడెం నుంచి కైకలూరు వచ్చి ఏడాది దాటింది. మాది పరుపులు కుట్టే కుటుంబం. మామగారి రోజుల్లో దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవారట. మా ఆయన కాలానికి మిషను వచ్చింది, దాని వెనకాలే స్పాంజి పరుపులూ వచ్చాయి. గూడెంలో పని పలచబడ్డాక కైకలూరు అయితే చుట్టూ ఊళ్ళు ఎక్కువ, పని దొరుకుతుందని వచ్చాం. ఊరు చివర, చేపల చెరువుల వైపు పోయే మట్టిరోడ్డు మీద ఇల్లు దొరికింది. పెరటిగోడ దాటితే తుంగ. తుంగ దాటితే చెరువు గట్టు. ఆ తర్వాత కంటికి ఆనినంత మేరా నీళ్ళే.

కోళ్ళు మా అమ్మ ఇచ్చినవి. గూడెంలో పురుడు పోసుకుని పాపతో తిరిగొస్తుంటే తాటాకు బుట్టలో రెండు పెట్టల్నీ ఒక పుంజునీ పెట్టి ఇచ్చింది. "పాలిచ్చేదానివి. రోజుకో గుడ్డు తిను. కొనుక్కు తినమంటే నువ్వు తినవు" అంది. రెండు బస్సులు మారి, ఒళ్ళో పాపతో, కాళ్ళ దగ్గర కూసే పుంజుతో వచ్చాను. పెరట్లో పాత ఇటుకల గూడు ఉంది గానీ దానికి తలుపు లేదు. ఉన్నా మా కోళ్ళు అందులోకి వెళ్ళేవి కావు. పొద్దు వాలగానే ఒకదాని వెనక ఒకటి జామచెట్టెక్కి కొమ్మ మీద సర్దుకుని కూర్చునేవి. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. చెట్టు మీద అయితే కుక్కలకు అందవులే అనుకున్నాను.

అత్తమ్మ వచ్చి వంగి, కోడిని చేత్తో తడిమి చూసింది. ఆవిడకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. పగలు మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. మెడ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి.

అంతలో పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది. వాళ్ళాయన చెరువుకు కాపలా ఉంటాడు. ఆవిడ చూసిన వెంటనే గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఇది మామూలు పని కాదండీ. తల తీసుకెళ్ళి ఒళ్ళు పడేశారంటే ఎవరో ఏదో చేయించారు. పసిపిల్ల ఉన్న ఇల్లు, జాగర్త."

"మాకు చేయించి పట్టుకుపోడానికి ఏముందమ్మా, దూది తప్ప" అంది అత్తమ్మ. గొంతు మామూలుగానే ఉంది. కానీ కోడిని పాతిపెట్టి వచ్చాక చేతులు కడుక్కోవడానికి ఆవిడ పంపు దగ్గర చాలాసేపు ఉండిపోయింది.

ఆ సాయంత్రం దాన్ని చూశాం. మా ఆయన మిషను ఆపి, దూది దులుపుకుంటూ పెరట్లోకి వచ్చారు. ఇంకా వెలుగుంది. గోడ అవతల కరెంటు స్తంభం మీద ఎవరో గోనెసంచి మడిచి పెట్టినట్టుగా ఏదో ఉంది. "అదేంటండీ?" అన్నాను. ఆయన చెప్పేలోపే సంచి తల తిప్పింది. ఒళ్ళు కదలకుండా తల ఒక్కటే వెనక్కి తిరిగి, రెండు పచ్చటి కళ్ళు మా పెరట్లోకి చూశాయి. తల మీద చెవుల్లాగా రెండు ఈకల కుచ్చులు. అంత పెద్ద గుడ్లగూబను నేను అంతకు ముందు చూడలేదు. ఆయన మట్టిబెడ్డ తీసి విసిరారు. అది రెక్కలు విప్పి గట్టు వైపు వెళ్ళిపోయింది. అది నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది అప్పుడే. అంత పెద్ద రెక్కలు కొట్టుకుంటుంటే చిన్న చప్పుడు కూడా కాలేదు.

కాకి వస్తే తెలుస్తుంది, గద్ద వస్తే కోళ్ళే అరుస్తాయి. ఇది వచ్చినట్టు ఎలా తెలుస్తుంది?

"గూబండీ అది" అంది గోడ మీంచి పక్కింటావిడ, చేయించారన్న మాట వదిలేసి కొత్త భయం అందుకుని. "కొల్లేట్లో చెరువుల గట్లు కొట్టేశాక అక్కడివన్నీ ఇటు పడ్డాయంటున్నారు మా ఆయన. గూబ ఇంటి మీద వాలితే ఇల్లు ఖాళీ చేసి పోవాలంటారు. అంతవరకూ ఎందుకుగానీ, చీకటి పడ్డాక పాప బట్టలు దండెం మీద వదలకండి. రాత్రి పక్షి దాటిన బట్టలు కడితే పిల్ల చిక్కిపోద్ది."

అలాంటివి నమ్మే ఇల్లు కాదు మాది. అయినా ఆ రోజు పొద్దుండగానే పాప బట్టలన్నీ తీసుకొచ్చి లోపల మడతపెట్టాను. తడివి కూడా.

మా ఆయన పాత చెక్కలు కొట్టి గూటికి తలుపు చేశారు. పక్కింటావిడ వాళ్ళాయన దగ్గర చిరిగిన చేపల వల ఉంటే ఇచ్చింది. దాన్ని గోడ నుంచి జామచెట్టు కొమ్మల మీదుగా పందిరిలా కట్టాం. మిగిలినవి ఎర్రపెట్ట, పుంజు. ఎర్రపెట్టకు అప్పటికి పిల్లలున్నాయి కాబట్టి అది గూట్లోకి బుద్ధిగా వెళ్ళేది. పుంజు మాత్రం మాట వినేది కాదు. ప్రతి సాయంత్రం చెట్టెక్కేది, ప్రతి సాయంత్రం కర్రతో దించి, తరిమి, పట్టుకుని గూట్లో తోసేవాళ్ళం.

ఇంతలో ద్వారకా తిరుమలలో ఒక సత్రం నుంచి కబురొచ్చింది. పెళ్ళిళ్ళ రోజులు మొదలయ్యేలోపు ఉన్న పరుపులన్నీ విప్పి, దూది ఏకి మళ్ళీ కుట్టాలి. అక్కడే ఉండి చెయ్యాలి.

"ఏవండీ, ఇంకెవరినైనా పంపించరాదా" అన్నాను.

"ఎవరున్నారు పంపించడానికి? వారం పదిరోజుల్లో వచ్చేస్తాను. అమ్మ ఉంది కదా, భయమెందుకు?" అన్నారాయన.

మిషను, దబ్బనాలు, దారపు ఉండలు ఆటోలో వేసుకుని వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం నుంచి ఆ ఇల్లు నాకు పరాయిదైపోయింది. అత్తమ్మ ముందు వరండాలో పడుకునేది. నేను పాపతో లోపల గదిలో. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. గట్టు వైపు నుంచి "ఊఁ... ఊఁ..." అని లోతుగా, ఖాళీ బిందెలో నోరు పెట్టి పలికినట్టు ఒక పిలుపు వచ్చేది. కాసేపటికి ఇంకో వైపు నుంచి జవాబు. అంటే ఒకటి కాదు, రెండు. పాపకు జలుబు చేసి ముక్కు దిబ్బడ పడింది. నిద్రలో అది ఊపిరి తీస్తున్న చప్పుడు ఒక చెవితో, బయట పిలుపు ఇంకో చెవితో వింటూ పడుకునేదాన్ని. పిలుపు వినిపించినంతసేపూ కొంత నయం. ఎక్కడుందో తెలుస్తుంది. ఆగిపోతేనే ఒళ్ళు బిగుసుకుపోయేది.

గూటి దగ్గరికి ఇంకేమైనా వస్తోందేమో తెలుసుకుందామని ఒక సాయంత్రం పొయ్యిలో బూడిద తీసి గూడు చుట్టూ పలచగా చల్లాను. చేతిలో కొంచెం మిగిలితే పెరటి మెట్టు మీద కూడా చల్లాను. ఎందుకు చల్లానో నాకే తెలియదు.

తెల్లారి చూస్తే గూడు చుట్టూ అడుగులున్నాయి. పక్షివి కావు. పిల్లి అడుగుల్లాంటివే, కానీ నా అరచెయ్యి ఒకదాని మీద పెడితే దాదాపు సరిపోయింది. తలుపు కింద మట్టి కొంత తవ్వి ఉంది. ఆ అడుగులు గూటి దగ్గర్నుంచి పంపు దాకా వెళ్ళాయి. అక్కడ తడి ఉండి కనబడలేదు. మళ్ళీ మెట్టు మీద కనబడ్డాయి. పెరటి తలుపు ముందు, సరిగ్గా గడపకు ఇవతల రెండు ముందరి పాదాలు పక్కపక్కన పెట్టి నిలబడ్డ గుర్తు. తలుపుకు లోపలి పక్క నేనూ పాపా పడుకున్న చోటు.

పక్కింటాయన వచ్చి చూసి, "బావురుపిల్లండి. గట్టున చేపలు పట్టుకునే రకం. మనుషుల జోలికి రాదు" అన్నాడు.

"గడప దాకా వచ్చింది కదండీ."

"వాసనకొచ్చుంటాది" అన్నాడు. ఏ వాసనో చెప్పలేదు. పాల వాసనేమో అన్న ఆలోచన ఒకసారి వచ్చాక పోలేదు.

అత్తమ్మతో, "కోళ్ళని ఇచ్చేద్దామత్తమ్మా, వాటి కోసమే ఇవన్నీ వస్తున్నాయి" అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "మీ అమ్మ బాలింతకని పంపిన కోళ్ళు. భయానికి ఇవ్వాళ కోళ్ళనిస్తాం, రేపు ఇల్లిస్తాం. ఎక్కడిదాకా?" అంది. గూటి తలుపు కింద రాళ్ళు పేర్చి, తానే చేత్తో తడిమి సందు లేదని చూసుకుంది.

ఆ సాయంత్రమే పుంజును దించలేకపోయాను. పాప ఒకటే ఏడుపు, ఒళ్ళు వెచ్చగా ఉంది. చీకటి పడకముందే కరెంటు పోయింది. కర్రతో రెండుసార్లు అదిలించాను, అది ఇంకా పైకొమ్మకెక్కింది. పైన వల ఉందిలే అని వదిలేసి లోపలికొచ్చి గడియ పెట్టుకున్నాను.

అత్తమ్మ తెల్లవారుజాము నమాజుకు లేచేది. ఇంకా చీకటిగా ఉండగానే ఇంటి పక్క నుంచి వెళ్ళి పెరటి పంపు దగ్గర చేతులూ కాళ్ళూ కడుక్కునేది. ఆవిడకు వెలుగుతో పని లేదు, అడుగుల లెక్క మీద నడిచేది. ఆ రోజు పంపు చప్పుడు రెండుసార్లు వినిపించి ఆగిపోయింది. తర్వాత జామచెట్టు దగ్గర దబదబమని చప్పుడు. "ఓరి నీ దుంపతెగ, వల్లో పడ్డావా" అంటున్న ఆవిడ గొంతు. పుంజు అనుకుంటోందని నాకు అర్థమైంది. ఆ వెంటనే ఒక కేక. పక్షిదో మనిషిదో చెప్పలేని కేక.

"అమ్మాయ్! అమ్మాయ్!"

టార్చి తీసుకుని పెరటి తలుపు తీశాను. గడప దాటాక ఆగిపోయాను. పాప లోపల ఒంటరిగా ఉంది. తలుపు తీసి ఉంది. ఆ రెండు పాదాల గుర్తులు నా కాళ్ళ దగ్గరే ఉన్నట్టనిపించింది. వెనక్కి తిరిగి తలుపు లాగి బయటి గొళ్ళెం పెట్టాను. ఆ చప్పుడుకు పాప లేచి ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు వెనక వదిలి చెట్టు వైపు పరిగెత్తాను.

టార్చి వెలుగులో మొదట అత్తమ్మ తెల్లచీర కనిపించింది. ఆవిడ ఒక చేత్తో చెట్టు కాండాన్ని పట్టుకుని వంగి ఉంది. రెండో చెయ్యి, ఒక కొస ఊడి నేలదాకా జారిన వల్లో ఉంది. ఆ చేతి మీద, మోచేతికి కిందగా, గుడ్లగూబ. ఒక రెక్క వల్లో చుట్టుకుపోయి రెండో రెక్క నేలను కొడుతోంది. దాని గోళ్ళు ఆవిడ చేతిలో దిగి ఉన్నాయి. వెలుగు పడగానే అది నా వైపు తిరిగి, ముక్కు టకటకా కొట్టి బుసకొట్టింది. పచ్చటి కళ్ళు. టార్చి వెలుగు కదిలినప్పుడల్లా ఆ కళ్ళు వెలిగి ఆరి, వెలిగి ఆరి కనబడ్డాయి.

"ఏంటది?" అంది అత్తమ్మ.

ఆవిడకు కనబడలేదు. పుంజు కాదని మాత్రం తెలిసింది.

"చెప్పు తల్లీ, పామా?"

"గూబ, అత్తమ్మా."

ఆవిడ చెట్టు మొదట్లో కూలబడి, "లాగకు, లాగితే ఇంకా దిగుతోంది" అంది. తర్వాత ఆవిడ నోట్లో దువా మొదలైంది. మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతూ ఉన్నాయి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ దేనికీ జంకగా చూడలేదు. ఆవిడే వణుకుతుంటే ఇక నేను ఎవరిని పట్టుకోవాలి? లోపల పాప ఏడుపు గుక్క పట్టి ఆగి, మళ్ళీ మొదలవుతోంది.

వరండా పక్క గదిలో సగం కుట్టిన బొంత ఒకటుంది. పరిగెత్తి దాన్నీ పెద్ద కత్తెరనూ తెచ్చాను. ఎలా చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. ఆ కళ్ళు నన్ను చూడకుండా ఉంటే చాలనుకుని బొంతను దాని తల మీద వేసేశాను. ఆశ్చర్యంగా అది నిమిషంలో నెమ్మదించింది. రెక్క కొట్టడం ఆగింది. టార్చి పళ్ళ మధ్య పట్టుకుని వల తాళ్ళు ఒక్కొక్కటే కత్తిరించాను. బొంత కింద వెచ్చగా, నేననుకున్నదానికంటే ఎంతో తేలిగ్గా ఉంది దాని ఒళ్ళు. వేళ్ళు విప్పబోతే ఇనపకొక్కేల్లా బిగుసుకుపోయాయి. మళ్ళీ ప్రయత్నిస్తూ దాని కాలు పట్టుకుని వెనక్కి సాచాను. కాలు తిన్నగా సాగేసరికి వేళ్ళు వాటంతటవే వదులయ్యాయి. ఒక్కొక్క గోరూ అత్తమ్మ చేతిలోంచి బయటికొస్తుంటే ఆవిడ పంటి బిగువున "ఊఁ" అనడం తప్ప కేక వెయ్యలేదు.

అప్పటికి గోడ దూకి పక్కింటాయన వచ్చాడు. వెనకే ఆవిడా, చేతిలో లాంతరుతో. బొంత కింద ఏముందో చూసి ఆయన కర్ర ఎత్తాడు.

"వద్దు!" అంది అత్తమ్మ.

"చెయ్యి చూడండి ఎలా చేసిందో. వదిలితే మళ్ళీ వస్తాదండి."

"దాని జత ఇక్కడే ఎక్కడో ఉంది. రోజూ రెండు గొంతులు వింటున్నాను. పసిపిల్ల ఉన్న ఇంట్లో దీన్ని చంపకండి. మీకు దణ్ణం పెడతాను."

శకునాలు నమ్మని మనిషి ఆవిడ. నెత్తురు కారుతున్న చెయ్యి, మంచి చెయ్యి కలిపి దణ్ణం పెడుతుంటే ఆయన కర్ర దించేశాడు. బొంతను ఆయనే గోడ మీదికి మోసుకెళ్ళి, ఒక కొస పట్టుకుని దులిపాడు. గుడ్లగూబ గోడ మీద ఒక్క క్షణం నిలబడి మా నలుగుర్నీ చూసింది. తర్వాత ఏ చప్పుడూ లేకుండా లేచి తుంగ మీదుగా వెళ్ళిపోయింది. నేను గొళ్ళెం తీసి పాపను ఎత్తుకుని గడపలోనే కూర్చుండిపోయాను. పాపను ఎంత గట్టిగా పట్టుకున్నానో పక్కింటావిడ వచ్చి నా వేళ్ళు వదులు చేసేదాకా నాకు తెలియలేదు.

వెలుతురు వచ్చాక పుంజు పక్కింటి వంటగది కప్పు మీద కూసింది. తోక ఈకలు సగం లేవు. అంతకు మించి దానికేమీ కాలేదు.

ఆసుపత్రిలో అత్తమ్మ చెయ్యి కడిగి, ఇంజెక్షన్ చేసి కట్టు కట్టారు. డాక్టరు పాపను కూడా చూసి జలుబు జ్వరమే అని మందిచ్చారు. అయినా పక్కింటావిడ చెప్పిందని దర్గా నుంచి తాయెత్తు తెప్పించి కట్టాను. అత్తమ్మ చూసి వద్దనలేదు. నాలుగు రోజులకు జ్వరం తగ్గింది. మందు వల్లనో తాయెత్తు వల్లనో నేను తర్కించుకోలేదు. రెండూ కొనసాగించాను.

మా ఆయనకు ఫోన్ చేసి చెప్పొద్దంది అత్తమ్మ. ఆయన పని పూర్తి చేసుకుని వచ్చి, వాకిట్లోనే తల్లి చేతికట్టు చూసి, సంచి కింద పెట్టకుండా అలాగే నిలబడిపోయారు. మర్నాడే బజారుకెళ్ళి ఇనప జాలీ తెచ్చి గూటికి బిగించారు. కింద సిమెంటు పోశారు. జామచెట్టు కింది కొమ్మలన్నీ కొట్టేశారు. వల తీసి పక్కింటివాళ్ళకు ఇచ్చేశాం. ఎక్కడానికి కొమ్మ లేక పుంజు రెండు సాయంత్రాలు చెట్టు చుట్టూ తిరిగి, మూడోరోజు తిట్టుకుంటున్నట్టు కొక్కొక్కో అంటూ గూట్లోకి వెళ్ళింది.

అత్తమ్మ చెయ్యి మానడానికి చాలా రోజులు పట్టింది. మానాక కూడా బొటనవేలు సరిగ్గా మడవలేకపోయేది. పరుపు అంచులు కుట్టడంలో మా ఇంట్లో ఆవిడను మించినవాళ్ళు లేరు. ఆ పని నాకొచ్చింది. నేను దబ్బనం పట్టుకుంటే ఆవిడ పక్కన కూర్చుని కుట్టు మీద వేలు నడిపించి, "ఇక్కడ వదులు" అనేది.

ఒకరోజు కుడుతూ అడిగాను. "ఆ రోజు బాగా భయమేసిందా అత్తమ్మా?"

"గూబ అన్నావు చూడు, అప్పుడు వేసింది. అంతదాకా నొప్పే" అంది. కుట్టు మీద వేలు జరిపి, "నీకు?" అంది.

"నాకు ముందునుంచీ వేస్తూనే ఉందండీ."

"మరి తలుపు గొళ్ళెం పెట్టి వచ్చావుగా నా దగ్గరికి" అంది. నాకు ఆ మాట చాలాకాలం లోపల వెచ్చగా ఉంది.

బావురుపిల్లిని ఒక్కసారే చూశాను, అదీ పట్టపగలు. గట్టు మీద చేప నోట కరుచుకుని నిలబడి ఉంది. ఊరకుక్కంత ఉంది. నన్ను చూసి పారిపోలేదు. నేనే వెనక్కి వచ్చేశాను. గుడ్లగూబలు ఆ చలికాలమంతా పిలుచుకుంటూనే ఉన్నాయి. వాటి గొంతుకు అలవాటు పడతావులే అన్నారు అందరూ. నేను పడలేదు.

ఆ ఇంట్లో ఇంకో మూడేళ్ళున్నాం. ఎర్రపెట్ట పిల్లలు పెరిగి వాటికీ పిల్లలయ్యాయి. కొన్ని ఎండాకాలం తెగులుకు పోయాయి గానీ రాత్రిపూట ఒక్కదాన్నీ పోగొట్టుకోలేదు. తర్వాత ఏలూరులో షాపు దొరికి ఇల్లు మారాం. మేడ మీద వాటా, కోళ్ళకు చోటు లేదు. అన్నిటినీ పక్కింటావిడకే ఇచ్చాను. సామాను వ్యానులోకి ఎక్కిస్తుంటే ఆవిడ కోళ్ళగంప పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"చీకటి పడకముందే మూసేయండేం. పుంజు లోపలికెళ్ళిందో లేదో చూసుకోండి" అన్నాను.

"మీరు చెప్పాలటండీ? ఆ వేళ లాంతరు పట్టుకున్నది నేను కాదూ" అంది ఆవిడ.